రోజువారీ డీల్స్: ఈ-బుక్స్, యాప్స్, ఆన్‌లైన్ షాపింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దగ్గరపడిందంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ఒకటే మాట: "ఏమండీ, ఆ ఫోను సగం ధరకి పెట్టారట, తీసుకోమంటారా?" ఆన్‌లైన్‌లో కొనడం నాకు పదేళ్లకు పైగా అలవాటు. కొన్న ప్రతిదాని ధరా రాసిపెట్టుకోవడం అంతకన్నా పాత అలవాటు. అందుకని విజయవాడలో మా ఇరుగుపొరుగు, ఊళ్లో చుట్టాలు, అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అందరూ నన్నే అడుగుతుంటారు. ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

సగం ధరకే అని రాశారు. నిజంగా సగమేనా?

గీత కొట్టి చూపించే ధర చూసి లెక్క వేయకండి. అది చాలావరకు ఎమ్మార్పీ. అంతకు మించి అమ్మకూడదని ప్యాకెట్ మీద వేసే గరిష్ఠ ధర అది. ఆ వస్తువు ఎప్పుడైనా ఆ ధరకు అమ్ముడుపోయిందని దానర్థం కాదు. ఎంత వేయాలో కంపెనీ ఇష్టం. కాబట్టి మీరు పోల్చుకోవాల్సింది మామూలు రోజు ధరతో.

మా ఇంటి సంగతే చెప్తాను. పాత మిక్సీ తిప్పితే మోటారు నుంచి కాలిన వాసన రావడం మొదలైంది. కొత్తది ఒకటి చూసుకున్నాను, 750 వాట్లు, మూడు జార్లు. ఎమ్మార్పీ రూ.7,495కి గీత కొట్టి రూ.3,499 అని, పక్కన '53 శాతం తగ్గింపు' అని ఉంది. వెంటనే కొనకుండా, పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే తేదీ కింద పెన్సిల్‌తో దాని ధర రాస్తూ వచ్చాను. రూ.3,299, రూ.3,349, మళ్లీ రూ.3,299. పండగ సేల్‌కి వారం ముందు ఉన్నట్టుండి రూ.3,899 అయింది. సేల్ మొదలైన రోజున రూ.3,199, '57 శాతం తగ్గింపు, పండగ ధర'! క్యాలెండర్ చూస్తే మామూలు రోజుకీ ఆ రోజుకీ తేడా వంద రూపాయలు. మిక్సీ అవసరం కాబట్టి ఆ రోజే కొన్నాను, వంద రూపాయలు మిగిలినందుకు సంతోషించాను కూడా. నాలుగు వేలు మిగిలిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రోజూ రాసుకునే ఓపిక నాకు లేదు. పాత ధరలు ఎక్కడైనా చూడొచ్చా?

చూడొచ్చు. అమెజాన్ ఇండియా ధరలకు కీపా అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే వస్తువు పేజీలోనే ధర గ్రాఫ్ కనిపిస్తుంది. మన దేశంలో తయారైన బైహ్యాట్‌కే కూడా ఇదే పని చేస్తుంది, ఫ్లిప్‌కార్ట్ ధరలు కూడా చూపిస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పే క్యామెల్‌క్యామెల్‌క్యామెల్‌లో మన అమెజాన్ ధరలు ఉండవు.

గ్రాఫ్ చూసేటప్పుడు అన్నిటికన్నా కిందికి దిగిన చోటు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎప్పుడో ఒక గంటసేపు వచ్చిన ధర అయి ఉండొచ్చు అది. గత మూడు నెలల్లో గీత ఎక్కువ రోజులు ఎక్కడ నిలబడిందో చూడండి. అదే దాని మామూలు ధర. ఇంకోటి, ఈ గ్రాఫుల్లో బ్యాంకు కార్డు తగ్గింపులు, కూపన్లు సాధారణంగా కలవవు. అవి మనమే తీసేసి లెక్క వేసుకోవాలి.

బ్రౌజర్‌లో ఇలాంటివి పెట్టుకుంటే మీరు చూసే పేజీలు వాటికీ కనబడతాయి. ఒకటి చాలు, నాలుగైదు పెట్టుకోకండి.

ఏ నెలలో ఏది చవక?

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపులకు బేరాలు తగ్గుతాయి, శ్రావణానికి కొత్త సరుకు దింపాలి. అందుకే ఆషాఢం తగ్గింపులు పుట్టాయి. బీసెంట్ రోడ్డులో ఇప్పటికీ మా పెద్దమ్మ ఏడాది చీరలన్నీ ఆషాఢంలోనే కొంటుంది, శ్రావణ శుక్రవారాలకు పెట్టుబడి చీరలతో సహా.

ఆన్‌లైన్‌లోనూ కారణం అదే, నెలలు వేరు. జనవరిలో రిపబ్లిక్ డే సేల్స్, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం సేల్స్, దసరా దీపావళికి పెద్దవి. ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే మొదటిసారి 2014 అక్టోబర్ 6న పెట్టారు. జనం ఒక్కసారిగా మీద పడటంతో సైటు మొరాయించింది, కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది కూడా. అమెజాన్ ప్రైమ్ డే మన దేశంలో 2017 జూలైలో మొదలైంది.

ఫోన్లు పండగ సేల్‌లోనే బాగా తగ్గుతాయి. ముఖ్యంగా సెప్టెంబర్‌లో కొత్త ఐఫోన్ వస్తుంది కాబట్టి పాతది ఆ తర్వాత దిగుతుంది. ఏసీ చలికాలంలో చూడండి. దుప్పట్లు, రూమ్ హీటర్లు ఎండలు ముదిరాక. బియ్యం, పప్పు, నూనెలకు సేల్ కోసం ఆగడం అనవసరం. మా వీధి కొట్టు ధర తరచూ అంతకన్నా నయంగానే ఉంటుంది.

జీఎస్టీ తగ్గింది కదా, అది కూడా డీల్‌లో కలిపి చెప్తున్నారా?

చాలామంది ఇక్కడ తికమక పడ్డారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలు, డిష్‌వాషర్లు, 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ఏడాది పండగ సేల్స్ కూడా అదే వారంలో మొదలయ్యాయి. దాంతో పన్ను తగ్గినందుకు దిగిన ధరను కూడా సేల్ గొప్పే అనుకున్నవాళ్లున్నారు.

లెక్క ఇలా ఉంటుంది. పన్ను లేకుండా వంద రూపాయల వస్తువు ఇదివరకు 128, ఇప్పుడు 118. అంటే మీ చేతికొచ్చే ధరలో తగ్గాల్సింది 10 శాతం కాదు, దాదాపు 7.8 శాతం. 2025 సెప్టెంబర్‌కు ముందు ధరలతో ఇప్పటి టీవీ ధర పోలిస్తే ముందు ఆ 7.8 శాతం పక్కన పెట్టి, మిగిలింది చూడండి. ఫోన్ల మీద పన్ను అప్పుడూ 18 శాతమే, ఇప్పుడూ అంతే.

కార్డు మీద 10 శాతం అన్నారు, నాకు అంత రాలేదేంటి?

కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠ పరిమితి ఉంటుంది. రూ.17,999 ఫోనుకి 10 శాతం అంటే దాదాపు రూ.1,800 అనుకుంటాం. పరిమితి రూ.1,000 అయితే వచ్చేది వెయ్యే, అంటే అయిదున్నర శాతం. కనీసం ఇంత కొనాలన్న షరతు ఒకటి ఉంటుంది. క్రెడిట్ కార్డుకు ఒక పరిమితి, డెబిట్ కార్డుకు ఇంకోటి, ఈఎంఐలో కొంటే మరొకటి. డబ్బు కట్టే చివరి పేజీలో కనిపించే మొత్తమే నమ్మండి.

పక్కింటివాళ్ల కార్డు అడిగి తీసుకునే ముందు ఒక మాట. వస్తువు వాపసు చేస్తే డబ్బు వాళ్ల కార్డుకే వెళ్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఈ విషయంలో మాటా మాటా పెరిగి ఇద్దరు నెల రోజులు పలకరించుకోలేదు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేనట్టేనా?

వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీకి సరిపడా ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. మీ మీద పడేవి రెండు: ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు.

రూ.30,000 వస్తువు, ఆరు నెలలు, నెలకు రూ.5,000, ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుందాం. వడ్డీ భాగం సుమారు రూ.1,352 అవుతుంది. అది డిస్కౌంట్‌గా వెనక్కి వస్తుంది. దాని మీద జీఎస్టీ రూ.243 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 ఉంటే పన్నుతో కలిపి రూ.235. మొత్తం రూ.480 దాకా అదనం. ఒకేసారి కట్టగలిగితే కట్టేయండి. కట్టలేని పరిస్థితిలో రూ.480 పెద్ద మొత్తం కాదు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. వాయిదా తప్పితే మాత్రం పడే వడ్డీ వేరే సంగతి.

అమెజాన్ ఈ-బుక్ దుకాణం కిండిల్‌లో కొన్ని పుస్తకాలు ఉచితంగా ఎందుకు ఇస్తారు? ఎప్పుడు చూడాలి?

సొంతంగా ప్రచురించుకునే రచయితలకు అమెజాన్‌లో కేడీపీ సెలెక్ట్ అని ఒక పద్ధతి ఉంది. అందులో చేరితే 90 రోజులకు ఒకసారి, అయిదు రోజుల పాటు తమ పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చుకోవచ్చు. నలుగురు చదివితే రివ్యూలు వస్తాయని, తర్వాతి పుస్తకం డబ్బులిచ్చి కొంటారని వాళ్ల ఆశ. కాబట్టి ఉచితంగా తీసుకున్న పుస్తకం నచ్చితే రెండు వాక్యాల రివ్యూ రాయండి. ఆ రచయిత ఎదురుచూసేది దానికోసమే.

ఆ అయిదు రోజుల లెక్క అమెరికా పసిఫిక్ టైం ప్రకారం నడుస్తుంది. అక్కడ అర్ధరాత్రి అంటే మనకు మధ్యాహ్నం 12:30, వాళ్ల చలికాలంలో 1:30. మనం పొద్దున చూసేసరికి అక్కడి తేదీ ప్రకారం ఆఖరి రోజు నడుస్తున్న పుస్తకం కోసం రాత్రిదాకా ఆగితే అప్పటికే ధర మారిపోయి ఉంటుంది.

పెద్ద ప్రచురణ సంస్థల పుస్తకాల తగ్గింపులకు ఇలా నియమమేమీ లేదు. అదే రచయిత కొత్త పుస్తకం వస్తున్నప్పుడో, సినిమాగా వస్తున్నప్పుడో పాతదాని ధర దించుతారు. మీకు కావలసిన పుస్తకాలు విష్ లిస్టులో పెట్టుకుని వారానికి ఒకసారి చూసుకోండి. ఉచితం కదా అని కనిపించినవన్నీ దింపుకుంటే కావలసిన పుస్తకం ఆ గుట్టలో దొరకదు.

పుస్తకం పక్కన రూ.0.00 అని ఉంది, నొక్కితే నెలవారీ చందా అడుగుతోంది. మోసమా?

మోసం కాదు, సరిగ్గా చదవాలి. ఆ సున్నా పక్కనే కిండిల్ అన్‌లిమిటెడ్ అని ఉంటుంది. చందాదారులకు అదనంగా ఏమీ పడదని దానర్థం. చందా ఆపేస్తే ఆ పుస్తకం చేతిలో ఉండదు. నిజంగా ఉచితమైతే 'కొనండి' అన్న బటన్ దగ్గరే ధర సున్నా ఉంటుంది. పొరపాటున కొన్న కిండిల్ పుస్తకాన్ని వారం లోపు ఆర్డర్ల పేజీ నుంచి వెనక్కి ఇవ్వొచ్చు, మొత్తం చదివేసి కాదు గానీ.

కిండిల్ పరికరం లేకపోయినా ఫోన్‌లో యాప్ ఉచితం. ఈ ప్రశ్న నన్ను ఇంతమంది అడుగుతారని అనుకోలేదు!

తెలుగు పుస్తకాల మీద డీల్స్ ఉంటాయా?

నా మనసుకి దగ్గరైన ప్రశ్న ఇది. జవాబు మాత్రం కాస్త బాధగానే చెప్పాలి. 2016 డిసెంబర్‌లో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాషకు ఆ జాబితాలో చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కిండిల్ డీల్స్ పేజీలో ఎంత వెతికినా తెలుగు అరుదుగా తగలడానికి మూలం అక్కడుంది.

గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి, అప్పుడప్పుడు తగ్గింపులు కూడా వస్తాయి. కొనేముందు ఉచిత నమూనా తెరిచి ఒక పని చేయండి: అక్షరం సైజు పెంచి చూడండి. కొన్ని పుస్తకాలు పేజీల ఫొటోలు తీసి పెట్టినట్టుగా ఉంటాయి, అక్షరం పెరగదు. ఫోన్‌లో చదవాలంటే ప్రతి పేజీనీ వేళ్లతో అటూ ఇటూ జరుపుకోవాలి. మా అత్తయ్యకు అలాంటిది ఒకటి కొనిచ్చి, రెండో పేజీలోనే ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టడం చూశాక ఈ జాగ్రత్త నేర్చుకున్నాను.

పాత సాహిత్యం ఇష్టమైతే మీకు అసలు డీల్ అవసరమే లేదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అంటే 1965 చివరి లోపు కన్నుమూసిన రచయితల పుస్తకాలు 2026 జనవరి 1 నాటికి అందరివీ అయిపోయాయి. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు ఇలాంటివి పేజీ పేజీ టైపు చేసి, తప్పులు దిద్ది పెడుతున్నారు. అక్కడి నుంచి ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలుగా దింపుకుని ప్లే బుక్స్‌లోకి ఎక్కించుకుంటే అక్షరం ఎంత కావాలంటే అంత పెరుగుతుంది. అత్తయ్య ఇప్పుడు మధ్యాహ్నాలు చదివేది అవే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి.

పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూపించండి. బొమ్మల కథలు తెలుగులో చదవొచ్చు, దింపుకోవచ్చు, అన్నీ ఉచితం. మా చిన్నది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది ఆ కథలతోనే.

ఇప్పటి రచయితల పుస్తకాలు మాత్రం అచ్చులోనే ఎక్కువ. వాటికి ఆన్‌లైన్ డీల్ కన్నా పుస్తక ప్రదర్శన మేలు. జనవరి మొదట్లో విజయవాడలో, డిసెంబర్ ప్రాంతంలో హైదరాబాద్‌లో జరుగుతాయి. స్టాళ్లలో పది శాతమైనా తగ్గిస్తారు, పోస్టు ఖర్చు ఉండదు. రూ.120 పుస్తకానికి కొరియర్ రూ.60 అయితే ఏ డీల్ మాత్రం గిట్టుబాటవుతుంది? పోస్టాఫీసు రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబర్‌లో ఆగిపోయాక చిన్న ప్రచురణకర్తలకు ఈ ఖర్చు ఇంకా బరువైంది. అందుకే నలుగురం కలిసి ఒకే పార్శిల్‌గా తెప్పించుకుంటున్నాం.

టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు ఊరికే దొరుకుతుంటే కొనడం ఎందుకు?

వెయ్యి కాపీలు అమ్ముడుపోతే పండగ చేసుకునే రచయితలు మనవాళ్లు. ఆ వెయ్యిలో వంద అలా పోతే రెండో ముద్రణ ఉండదు. కొనలేకపోతే గ్రంథాలయంలో చదవండి, స్నేహితుల దగ్గర తీసుకుని చదవండి.

కొన్న ఈ-బుక్ ఎప్పటికీ నాదేనా?

అలమరలో పుస్తకంలా కాదు. చాలా చోట్ల మీరు కొనేది చదువుకునే హక్కు మాత్రమే. ఫ్లిప్‌కార్ట్ 2015 చివర్లో ఈ-బుక్స్ మానేసినప్పుడు కొన్నవాళ్లు తమ పుస్తకాలను కోబో అనే మరో ఈ-బుక్ దుకాణానికి మార్చుకోవాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసేసింది. డబ్బు వెనక్కి ఇచ్చింది గానీ పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే సదుపాయం కూడా 2025 ఫిబ్రవరి 26తో పోయింది. అందుకే నేను ఒకసారి చదివి వదిలేసేవి ఈ-బుక్‌గా, మళ్లీ మళ్లీ తీసి చూసేవి అచ్చులో కొంటాను.

డబ్బులు పెట్టి కొనాల్సిన యాప్స్ ఉచితంగా ఎలా వస్తాయి?

యాప్ తయారుచేసినవాళ్లు ప్రచారం కోసం రెండు మూడు రోజులు ధర సున్నా చేస్తారు. ఆ రోజుల్లో ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే అది మీ ఖాతాలో చేరుతుంది. తర్వాత తీసేసినా మళ్లీ డబ్బు కట్టకుండా వేసుకోవచ్చు, వాళ్లు ప్లే స్టోర్‌లో ఉంచినంత కాలం. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్‌లో చిన్న చిన్న సర్వేలకు జవాబిస్తే కొద్దికొద్దిగా ప్లే స్టోర్ డబ్బు జమవుతుంది. నేను మా పాపకు బొమ్మలు గీసే యాప్ కొన్నది ఆ డబ్బుతోనే. ఏడాదిలోగా వాడుకోవాలి.

ఇంకా నయమైన దారి ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్. అక్కడివన్నీ ఓపెన్ సోర్స్ యాప్స్ (లోపలి కోడ్ అందరూ చూడగలిగేలా పెట్టినవి), ఎప్పుడూ ఉచితమే. నోట్స్, పీడీఎఫ్ రీడర్, పాటల ప్లేయర్ లాంటివాటికి అక్కడ చూసి, దొరక్కపోతేనే మిగతా చోట్ల వెతకండి.

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలును (నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైలు) మాత్రం తాకొద్దు. 'ప్రీమియం యాప్ ఫ్రీ' అని వచ్చేవాటిలో మీ మెసేజ్‌లు, ఓటీపీలు చదివేసేవి ఉంటున్నాయి.

ఫ్రీ ట్రయల్ తీసుకున్నాను, యాప్ తీసేశాను. అయినా డబ్బు కట్ అయింది!

నాకూ జరిగింది. ఫొటోలు బాగుచేసే ఒక యాప్‌లో మూడు రోజుల ట్రయల్ తీసుకుని, పని అయ్యాక తీసేశాను. నాలుగో రోజు ఏడాది చందా మొత్తం పోయింది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. యూపీఐ నుంచి కట్టి ఉంటే ఆ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూడండి. గూగుల్ ప్లేలో కొనుగోలు చేసిన 48 గంటల్లోపు అయితే వాపసు అడగొచ్చు. డబ్బు పోయిన రెండో రోజే అడిగాను, వచ్చింది.

రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఇలాంటి చందా కట్ అవడానికి 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. రూ.15,000 లోపు వాయిదాలకు మళ్లీ ఓటీపీ అడగరు కాబట్టి ఆ మెసేజే మీకు హెచ్చరిక. చదవకుండా తీసేయకండి. ఇప్పుడు నేను ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే రద్దు చేసేస్తాను. చాలా యాప్స్ మిగిలిన రోజులు ఎలాగూ వాడుకోనిస్తాయి.

పిల్లలు గేమ్స్ కొనమని అడుగుతున్నారు. అక్కడ కూడా డీల్స్ ఉంటాయా?

ఎపిక్ గేమ్స్ స్టోర్ ప్రతి గురువారం రాత్రి కంప్యూటర్ గేమ్ ఒకటైనా ఉచితంగా ఇస్తుంది. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో విష్ లిస్టులో పెడితే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. కొన్నాక నచ్చకపోతే 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడి ఉండకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. మీ కార్డు నంబరు పిల్లల ఖాతాలో దాచి ఉంచకండి.

'రెండే మిగిలాయి', 'పది నిమిషాల్లో ముగుస్తుంది' అంటుంటే కంగారుగా ఉంటుంది. నమ్మాలా?

ఆ కంగారు పుట్టించడం కోసమే అలా పెడతారు. లేని తొందర కల్పించడం మన దేశంలో తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాల మాయలను నిషేధించింది. అడగకుండా బుట్టలో ఇంకో వస్తువో, విరాళమో, బీమానో చేర్చడం, చివరి పేజీలో కొత్త ఫీజు బయటపెట్టడం, చందాలో చేర్చుకుని బయటికి దారి దాచేయడం, అన్నీ అందులో ఉన్నాయి.

నేను చేసేది చిన్న పని. వస్తువు బుట్టలో వేసి, ఫోను పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక పని చూసుకుంటాను. తిరిగొచ్చాక కూడా కావాలనిపిస్తే కొంటాను. చాలాసార్లు ఆ టైమర్ మళ్లీ పది నిమిషాల నుంచే మొదలై ఉంటుంది.

రివ్యూలు నమ్మొచ్చా?

అయిదు నక్షత్రాలవి వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. ఆరు నెలలు వాడాక రాసినవి, సొంతంగా తీసిన ఫొటోలున్నవి పనికొస్తాయి. ఒకే వారంలో ఒకే రకం మాటలతో యాభై రివ్యూలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

సందేశంలో వచ్చిన ఆఫర్ లింకు అసలుదో కాదో ఎలా చెప్పాలి?

లింకు నొక్కకండి. ఆ షాపు యాప్ మీరే తెరిచి వెతకండి. నిజమైన ఆఫర్ అక్కడ కనబడుతుంది. 2025 మే నుంచి కంపెనీల ఎస్సెమ్మెస్‌లలో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. ప్రచారానికి 'పి', సేవలకు 'ఎస్', లావాదేవీలకు 'టి', ప్రభుత్వానికి 'జి'. పది అంకెల మామూలు నంబరు నుంచి పెద్ద కంపెనీ ఆఫర్ వచ్చిందంటే అనుమానించాల్సిందే.

డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. క్యాష్‌బ్యాక్ పంపుతాం, పిన్ కొట్టండి అన్నారంటే మీ డబ్బే పోబోతోంది. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. మొదటి గంటలో చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ.

అమెరికాలో ఉన్నాం. మాకు ఏది పనికొస్తుంది?

ముందు మీ ఊరి లైబ్రరీ కార్డు తీసుకోండి. లిబ్బీ యాప్‌లో ఆ కార్డుతో ఈ-బుక్స్, ఆడియో పుస్తకాలు ఉచితంగా తీసుకోవచ్చు. కొనాలనుకుంటే బుక్‌బబ్ సైటులో మీకు నచ్చే రకాలు ఎంచుకుంటే తగ్గింపు పుస్తకాల జాబితా రోజూ మెయిల్‌కు వస్తుంది. మా ఆడపడుచు ఈ రెండింటితోనే ఏడాదంతా గడిపేస్తుంది. ప్లే స్టోర్ దేశం ఏడాదికి ఒకసారే మార్చుకోవచ్చు, సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు తొందరపడి మార్చకండి.

డీల్‌లో కొన్నది పాడై వచ్చింది. వాపసు తీసుకోనంటున్నారు. ఏం చేయాలి?

నా మిక్సీకి ఒక జారు మూత పగిలి వచ్చింది. ఆ వస్తువు పేజీలో 'ఏడు రోజుల్లో మార్పిడి మాత్రమే' అని చిన్నగా రాసి ఉంది, కొనేటప్పుడు చూడలేదు. అమ్మకందారు ఫోన్ ఎత్తడు. పెట్టె విప్పుతున్నప్పుడు మావారు తీసిన వీడియో ఉండబట్టి సరిపోయింది.

పద్ధతి ఇది. ముందు యాప్‌లోనే ఫిర్యాదు పెట్టి దాని నంబరు, ఆర్డర్ పేజీ, ధర కనిపించే స్క్రీన్‌షాట్లు దాచుకోండి. జవాబు రాకపోతే ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన పేరు, వివరాలు సైటులో ఉండాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అదీ జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. నేను అక్కడిదాకా వెళ్లాను. వారం తిరక్కుండా కొత్త జారు ఇంటికొచ్చింది.

అప్పటికీ తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.